టెన్స్ మిషన్ పెట్టుకునే ముందు: కరెంటుకు నరం ఎట్లా బదులిస్తుంది, ఎక్కడ ఆపాలి

"సారూ, జర ఎక్కువ పెట్టరాదు, తొందరగా తగ్గుతది."

నొప్పి ఉన్నచోట చర్మం మీద ప్యాడ్లు అంటించి సన్నని కరెంటు ఇచ్చే టెన్స్ మిషన్ గురించి ఈ మాట. నల్గొండలో ఫిజియోథెరపీ మొదలుపెట్టినప్పటి నుంచి ఇది వినని వారం లేదు. వానాకాలం నాట్లు పడ్డాయంటే నడుము పట్టేసిన ఆడవాళ్లు వరసగా వస్తారు, వచ్చి ఇదే అడుగుతారు. కరెంటు కూడా మందులాంటిదే, డోసు పెంచితే గుణం పెరుగుతుందని మనవాళ్ల లెక్క. ఇంకొందరు దీనికి పూర్తిగా ఎదురు. బోరు దగ్గర స్టార్టర్ డబ్బా ముట్టుకుని ఒకసారి దెబ్బ తిన్నవాళ్లు ప్యాడ్ చూడగానే కాలు వెనక్కి లాక్కుంటారు.

ఈ మధ్య మూడో రకం పెరిగింది. హైదరాబాద్‌లో ఉన్న కొడుకో కూతురో ఆన్‌లైన్‌లో టెన్స్ మిషన్ కొని పంపిస్తారు. చేతిలో పట్టేంత డబ్బా, రెండు వైర్లు, నాలుగు అంటుకునే ప్యాడ్లు, చదవడానికి వీల్లేనంత చిన్న అక్షరాల కాగితం. అది పట్టుకుని వచ్చి "ఎంత నంబర్ మీద పెట్టుకోవాలె?" అని అడుగుతారు. నేను నంబర్ చెప్పను. చాలా ఇంటి మిషన్ల తెర మీద కనిపించే 8, 12, 20 అనేవి కరెంటును కొలిచే మిల్లీఆంపియర్లు కూడా కావు, ఆ కంపెనీ పెట్టుకున్న మెట్లు. ఒక మిషన్‌లో 8 ఇంకో మిషన్‌లో 15 కావచ్చు. అందుకే నంబర్‌ను పక్కన పెట్టి, నరం ఏమంటుందో వినడం నేర్పిస్తాను. ఆ నేర్పించేదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు నరం సంగతి కొంచెం

మన దగ్గర నరం అనే మాటకు పని ఎక్కువ. చేతి మీద ఉబ్బి కనిపించే రక్తనాళం నరమే, మెడ పట్టేసినా నరమే, పిక్క పట్టేస్తే నరం మీద నరం ఎక్కినట్టే. ఇక్కడ నేను నరం అంటున్నది చర్మం నుంచి, కీళ్ల నుంచి వెన్నుపాముకు కబురు మోసే జ్ఞాన నాడిని. కండరానికి ఆజ్ఞ తెచ్చేది చాలక నాడి. చాలా చోట్ల ఈ రెండు రకాల తీగలూ ఒకే కట్టలో కలిసి నడుస్తాయి, అది గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఊరికే ఉన్న నరం తీగ లోపలి వైపు బయటి కంటే సుమారు 70 మిల్లీవోల్టులు నెగెటివ్‌గా ఉంటుంది. చర్మం మీద నెగెటివ్ ప్యాడ్ పెట్టి కరెంటు ఇస్తే దాని కింద ఈ తేడా తగ్గుతుంది. తగ్గి తగ్గి మైనస్ 55 దరిదాపులకు వచ్చిందంటే తీగ పొరలో ఉన్న సోడియం ద్వారాలు ఒక్కసారిగా తెరుచుకుంటాయి. సోడియం లోపలికి దూసుకొస్తుంది, ఆ అలజడి పక్క ముక్కను లేపుతుంది, అది దాని పక్కదాన్ని. అట్లా పాకుతూ పోయే కబురునే యాక్షన్ పొటెన్షియల్ అంటారు. ఇది ఎట్లా పుడుతుందో హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అనే ఇద్దరు స్క్విడ్ అనే సముద్రజీవి లావుపాటి నరం మీద పనిచేసి 1952లో లెక్కలతో సహా చూపించారు. 1963లో వాళ్లకు నోబెల్ వచ్చింది.

ఈ కబురుకు సగం, పావు అనేవి ఉండవు. పుడితే నిండుగా పుడుతుంది, లేకపోతే పుట్టదు. మీరు నాబ్ తిప్పి కరెంటు పెంచినప్పుడు ఒక తీగలో వెళ్లే కబురు లావెక్కదు. అప్పటిదాకా నిద్రపోతున్న మరిన్ని తీగలు లేస్తాయి, అంతే. ఏ తీగలు ముందు లేస్తాయి, ఏవి తర్వాత అన్నదే ఈ మొత్తం వ్యవహారంలో అసలు విషయం.

తీగలన్నీ ఒక్క తీరుగా ఉండవు. వాటి మందాన్ని బట్టి వేగం మారుతుందని తేల్చినందుకు ఎర్లాంగర్, గాసర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలకు 1944లో నోబెల్ ఇచ్చారు. స్పర్శను మోసే ఏ-బీటా తీగలు లావుగా ఉంటాయి, వాటికి మైలిన్ అనే కొవ్వు తొడుగు ఉంటుంది, సెకనుకు 35 నుంచి 75 మీటర్లు పరుగెత్తుతాయి. చురుక్కుమనే నొప్పిని, చల్లదనాన్ని మోసే ఏ-డెల్టా తీగలు సన్నం, సెకనుకు 5 నుంచి 30 మీటర్లు. మెల్లగా మండే, సలిపే నొప్పిని మోసే సి తీగలకు తొడుగే లేదు, సెకనుకు 2 మీటర్లు దాటవు. తొడుగు ఉన్న తీగలో కబురు మధ్యమధ్య ఉండే ఖాళీల దగ్గర మాత్రమే ఆగి దూకుతూ పోతుంది, నల్గొండ నుంచి హైదరాబాద్ పోయే ఎక్స్‌ప్రెస్ బస్సులాగా. తొడుగు లేనిది పల్లెవెలుగు బస్సు, చెయ్యెత్తిన ప్రతి చోటా ఆగుతుంది. కాలి బొటనవేలు గడపకు కొట్టుకున్నప్పుడు గమనించండి. "తగిలింది" అని ముందు తెలుస్తుంది, అసలు మంట ఒక క్షణం ఆగి వస్తుంది. ఆ క్షణం పల్లెవెలుగు ఆలస్యమే.

బయటి నుంచి ఇచ్చే కరెంటుకు లావు తీగలు తేలిగ్గా లొంగుతాయి, సన్నవి మొండికేస్తాయి. అందువల్ల మెల్లగా పెంచుకుంటూ పోతే ముందు స్పర్శ తీగలు లేస్తాయి. కండరాన్ని ఆడించే చాలక తీగలు కూడా లావే కానీ అవి లోతులో ఉంటాయి, చర్మం నరాలు ప్యాడ్ కిందే ఉంటాయి కాబట్టి వాటి వంతు రెండోది. నొప్పి తీగలు చివరన. స్పర్శ, కదలిక, నొప్పి: మూడు మెట్లు. టెన్స్ పెట్టుకునేవాళ్లకు కావలసింది మొదటి మెట్టు దాటి రెండో మెట్టు ఎక్కకుండా నిలబడడం.

కరెంటు పెడితే చీమలు పాకినట్టు ఎందుకుంటుందని చాలామంది అడుగుతారు. మామూలుగా మనం ఏదైనా ముట్టుకుంటే చర్మంలో ఉండే గ్రాహకాలు ఒత్తిడిని, అదురును, వెంట్రుక కదలికను విడివిడిగా పసిగట్టి నరానికి చెబుతాయి. కరెంటు ఆ గ్రాహకాలను పట్టించుకోదు, నేరుగా తీగనే లేపుతుంది. రకరకాల తీగలు ఒకేసారి, ఒకే తాళంలో మోగేసరికి అది ఏ స్పర్శో మెదడుకు అంతుపట్టదు, జుమ్మనే తిమ్మిరిగా లెక్కేస్తుంది. మోచేయి లోపలి ఎముక దగ్గర తగిలితే చిటికెన వేలిదాకా జిల్లుమనడం అందరికీ అనుభవమే. తగిలింది మోచేతి దగ్గర అల్నార్ నరానికి, కానీ ఆ తీగలు చిటికెన వేలి నుంచి వచ్చేవి కాబట్టి మెదడు ఆ వేలినే తిడుతుంది. ప్యాడ్ పెట్టినచోట కాకుండా కొంచెం కిందికి జుమ్మనడం కూడా ఇదే లెక్క.

మరి ఈ జుమ్మనడం వల్ల నొప్పి ఎందుకు తగ్గాలి? దెబ్బ తగిలితే అక్కడ గబగబా రుద్దుకుంటాం కదా, దాని వెనక ఉన్న కారణమే. 1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ గేట్ సిద్ధాంతం చెప్పారు: వెన్నుపాములో నొప్పి కబురు పైకి పోయే దారిలో ఒక గేటు ఉంది, స్పర్శ తీగలు గట్టిగా మోగితే అది మూసుకుంటుంది, నొప్పి తీగలు మోగితే తెరుచుకుంటుంది. నల్గొండ జిల్లాలో గేట్లంటే అందరికీ గుర్తొచ్చేవి సాగర్ గేట్లే, 26 గేట్లూ ఎత్తారంటే సంబరం. ఇక్కడ మాత్రం మూయించడమే మన పని. 1967లో వాల్, విలియం స్వీట్ అనే వైద్యుడితో కలిసి, ఎనిమిది మంది దీర్ఘకాలిక నొప్పి రోగుల మీద కరెంటుతో దీన్ని పరీక్షించాడు. ఆ గేటు బొమ్మను తర్వాతివాళ్లు చాలా సవరించారు గానీ స్పర్శ తీగలను లేపి నొప్పిని తగ్గించవచ్చనే మూలం మీదే ఈ మిషన్లు నడుస్తున్నాయి.

ఎవరు ముట్టుకోకూడదు

గుండెకు పేస్‌మేకర్ గానీ, లోపల షాక్ ఇచ్చే పరికరం గానీ ఉన్నవాళ్లు తమ డాక్టర్ చెప్పనిదే ఈ మిషన్ జోలికి పోవద్దు. గర్భిణులు పొట్ట మీద, నడుము మీద పెట్టుకోవద్దు. మూర్ఛ ఉన్నవాళ్లు తల, మెడ ప్రాంతంలో వద్దు. క్యాన్సర్ గడ్డ ఉన్నచోట, కాలి సిరలో రక్తం గడ్డకట్టిందన్న అనుమానం ఉన్నచోట, పుండు మీద, చర్మం చిట్లినచోట వద్దు. మెడ ముందు భాగం ఎవరికీ వద్దు, అక్కడి నరాలు కదిలితే బీపీ పడిపోవచ్చు. ఛాతీకి అటొకటి ఇటొకటి పెట్టడమూ వద్దు. బండి నడుపుతూ, స్నానం చేస్తూ, నిద్రపోతూ పెట్టుకోకూడదు.

ఇంకొకటి. "అదీ కరెంటే ఇదీ కరెంటే" అని గోడ ప్లగ్గు నుంచి ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి సొంతంగా తయారు చేసినవాళ్లను చూశాను. గోడలో ఉండేది 230 వోల్టులు, సెకనుకు 100 సార్లు దిశ మారుతూ ఆగకుండా పారేది. టెన్స్ మిషన్ బ్యాటరీ మీద నడుస్తుంది, సెకనులో ఎక్కువ భాగం ఊరికే ఉంటుంది. సెకనుకు 100 పల్స్‌లు, అంటే చిన్న కరెంటు దెబ్బలు, ఒక్కోటి 100 మైక్రోసెకన్లు (మైక్రోసెకను అంటే సెకనులో పది లక్షల వంతు) అనుకుంటే సెకనులో కరెంటు ఉండేది నూటికి ఒక వంతు సమయమే. ఈ రెంటికీ పోలికే లేదు.

మొదటి పని: స్పర్శ ఉందో లేదో చూడండి

దీని మీద ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నేను తప్పు చేసింది ఇక్కడే.

పని మొదలుపెట్టిన కొత్తలో మునుగోడు వైపు ఉండే మా పెద్దమ్మ ఇంటికి వెళ్లాను. చాలా ఏళ్లుగా షుగర్. కాళ్లు గుంజుతున్నాయంటే సంచిలో మిషన్ ఉంది కదా అని పిక్కల మీద ప్యాడ్లు పెట్టాను. "తెలుస్తుందా పెద్దమ్మా?" అంటే "ఏం తెలుస్తలేదు బిడ్డా, మిషన్ ఖరాబైందేమో చూడు" అంది. పెంచాను. ఇంకా తెలియలేదంది. ఇంకా పెంచాను. పిక్క కండరం టకటకా ఎగరడం మొదలైంది, అయినా ఆమె ముఖంలో ఏ మార్పూ లేదు. ప్యాడ్ తీసి నా చేతికి పెట్టుకుంటే ఎగిరిపడ్డాను. మిషన్ బాగానే ఉంది. పెద్దమ్మ కాలు తిప్పి చూస్తే పాదం కింద, బొటనవేలు మొదట్లో, తుమ్మ ముల్లు విరిగి లోపలే ఉంది, చుట్టూ చీము. ఎప్పుడు గుచ్చుకుందో ఆమెకు తెలియదు.

కండరం ఎగురుతోంది, స్పర్శ లేదు. మూడు మెట్లలో మొదటిది మాయమైంది. మొదటి మెట్టు లేని కాలికి మూడో మెట్టు హెచ్చరిక కూడా సరిగా రాదు, కాబట్టి చర్మం కాలేదాకా పెంచినా మనిషి కిక్కురుమనడు. షుగర్ వల్ల నరాలు దెబ్బతినడం పొడవైన నరాల కొసల నుంచి, అంటే పాదాల నుంచి మొదలై పైకి పాకుతుంది. కుష్ఠు సోకినా మచ్చలున్నచోట స్పర్శ పోతుంది.

అందుకని ప్యాడ్ పెట్టబోయే చోట ముందు ఈ పరీక్ష చేయండి. మనిషిని కళ్లు మూసుకోమనండి. ఒక దూది పోగుతో చర్మాన్ని తాకీ తాకనట్టు తాకి "తగిలిందా?" అని అడగండి. మధ్యమధ్య తాకకుండానే అడగండి. తాకనప్పుడు కూడా "ఆ, తగిలింది" అంటే ఆ మనిషి మీ మనసు నొప్పించలేక చెబుతున్నట్టు, పెద్దవాళ్లతో ఇది మామూలే. తర్వాత చీపురు పుల్ల మొన, మొద్దు చివర మార్చి మార్చి ఆనించి ఏది సూది, ఏది మొద్దు అని అడగండి. గుచ్చకూడదు, ఆనించడమే. తర్వాత రెండు స్టీలు గ్లాసులు, ఒకదాంట్లో చల్లని నీళ్లు, ఒకదాంట్లో గోరువెచ్చని నీళ్లు. వేడి నీళ్లు పెట్టకండి, స్పర్శ లేనివాళ్లకు కాలితే తెలియదు. దూది లావు తీగలను అడుగుతుంది, పుల్ల మొన, చల్లని గ్లాసు సన్నవాటిని. ప్రతిదీ రెండో కాలితో, నుదుటితో పోల్చి చూడండి.

పదిసార్లలో రెండు మూడు తప్పినా అక్కడ ప్యాడ్ పెట్టవద్దు, డాక్టర్‌కు చూపించండి. ఆస్పత్రిలో 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగుతోనూ, అదురు తెలుస్తుందో చూసే 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్‌తోనూ ఇదే పరీక్షను పక్కాగా చేస్తారు. ఇంకా లోతుగా చూడాలంటే నరం మీద ఒకచోట చిన్న కరెంటు దెబ్బ కొట్టి, దూరంలో ఇంకోచోట అది ఎంతసేపటికి వచ్చింది, ఎంత బలంగా వచ్చింది అని కొలిచే నర్వ్ కండక్షన్ పరీక్ష ఉంది. ఆ గదిలో కాళ్లను వెచ్చగా ఉంచుతారు, చలిగా ఉంటే మంచి నరం కూడా మెల్లగా నడిచినట్టు చూపిస్తుంది.

చర్మం, ప్యాడ్లు

మా దగ్గరికి వచ్చేవాళ్లు బామ్ రాసుకునే వస్తారు, లేదంటే కొబ్బరి నూనె. నూనె కరెంటును అడ్డుకుంటుంది, బామ్ మీద ప్యాడ్ పెడితే మంట ఏది, కరెంటు ఏది తెలియదు. సబ్బుతో కడిగి, తుడిచి, ఆరనివ్వండి. ఎండాకాలం చెమటకు ప్యాడ్ జారుతుంది, ఫ్యాన్ కింద కాసేపు కూర్చున్నాక పెట్టుకోండి. పొడిబారిన చర్మం కరెంటుకు పెద్ద గోడ. ప్యాడ్‌కు ఉండే తడి జెల్ ఆ గోడను కరిగించడానికే.

ప్యాడ్ అంచులు పూర్తిగా అంటుకోవాలి. 5 సెంటీమీటర్ల చదరపు ప్యాడ్ సగం లేచిపోయిందనుకోండి, అంతే కరెంటు మిగిలిన సగంలోంచి పోవాలి. అక్కడ సుర్రుమంటుంది. జుమ్మనడం కాకుండా ఒక చుక్కలో పొడిచినట్టు ఉందని ఎవరైనా అంటే నేను నాబ్ తిప్పే ముందు ప్యాడ్ అంచు చూస్తాను.

రెండు ప్యాడ్లూ నొప్పి ఉన్నచోటుకు అటూ ఇటూ, మధ్యలో కనీసం ఒక ప్యాడ్ వెడల్పు ఖాళీతో పెట్టండి. మరీ దగ్గరగా పెడితే కరెంటు చర్మం పై పొరల్లోనే దాటిపోతుంది, దూరం పెంచితే కొంచెం లోతుకు దిగుతుంది. నడుముకైతే వెన్నెముకకు రెండు పక్కల, ఎముక మీద కాకుండా. మోకాలికైతే చిప్పకు అటూ ఇటూ. వైర్లలో నలుపు సాధారణంగా నెగెటివ్. కొన్ని మిషన్లలో దాని కింద ఎక్కువ జుమ్మంటుంది, దాన్ని నొప్పికి దగ్గరగా ఉంచండి. పల్స్ రెండు వైపులా సమానంగా ఉండే మిషన్లలో తేడా తెలియదు.

సెట్టింగులు

రెండు సంఖ్యలు చాలు. పల్స్ వెడల్పు, అంటే ఒక్కో పల్స్ ఎంతసేపు ఉంటుంది, మైక్రోసెకన్లలో. ఫ్రీక్వెన్సీ, అంటే సెకనుకు ఎన్ని పల్స్‌లు, హెర్ట్జ్‌లలో.

పల్స్ ఎంత పొట్టిగా ఉంటే నరాన్ని లేపడానికి అంత ఎక్కువ కరెంటు కావాలి, ఎంత పొడుగైతే అంత తక్కువ చాలు. ఈ సంబంధాన్ని కొలవడానికి 1909లో ఫ్రాన్స్‌లో లూయీ లాపిక్ క్రోనాక్సీ అనే కొలతను తెచ్చాడు, ఫిజియోథెరపీ విద్యార్థులు ఇప్పటికీ ఈ సంబంధాన్ని చూపే వంపు గీత గీసి మార్కులు తెచ్చుకుంటారు. మనకు పనికొచ్చేది ఇది: పల్స్ పొట్టిగా ఉన్నప్పుడు మూడు మెట్ల మధ్య దూరం పెరుగుతుంది. అంటే స్పర్శ వచ్చాక కండరం ఎగరడానికి, నొప్పి రావడానికి ముందు నాబ్‌కు బోలెడు చోటుంటుంది. పల్స్ పొడుగైతే మెట్లు ఒకదాని మీద ఒకటి పడిపోతాయి, కొంచెం తిప్పేసరికి ఎగురుతుంది, ఇంకొంచెం తిప్పేసరికి కుడుతుంది. కాబట్టి 50 నుంచి 100 మైక్రోసెకన్ల మధ్య మొదలుపెట్టండి. ఫ్రీక్వెన్సీ 80 నుంచి 100 హెర్ట్జ్. మీ మిషన్‌లో సంఖ్యలు లేక మసాజ్, ట్యాపింగ్ లాంటి బొమ్మలే ఉంటే, ఆగకుండా సన్నగా జుమ్మనే మోడ్‌ను ఎంచుకోండి.

నాబ్ తిప్పడం

అన్నీ సున్నా మీద ఉన్నాయో చూసుకుని ఆన్ చేయండి. మొదటిసారైతే నొప్పి ఉన్నచోట వద్దు, స్పర్శ బాగున్న ముంజేతి మీద పెట్టి నేర్చుకోండి. ఒక్కో మెట్టు పెంచి రెండు మూడు క్షణాలు ఆగండి.

కాసేపు ఏమీ ఉండదు. తర్వాత ఎక్కడో దోమ వాలినట్టు, ఉందా లేదా అన్నట్టు ఒక గిలి. అక్కడ తెర మీద ఉన్న అంకె గుర్తుపెట్టుకోండి, అది మీ మొదటి మెట్టు. ఇంకా పెంచితే ఆ గిలి ప్యాడ్ అంతా పరుచుకుంటుంది, తర్వాత ప్యాడ్ దాటి కిందికి పారుతుంది. తెలుస్తుంది, గట్టిగానే తెలుస్తుంది, కానీ బాధ లేదు. ఇంకా పెంచితే వేలు దానంతట అదే సన్నగా వణుకుతుంది, లేదా ప్యాడ్ కింద కండ బిగుస్తుంది. అది రెండో మెట్టు, ఆ అంకె కూడా చూసుకోండి. అక్కడి నుంచి ముందుకు పోవద్దు. మూడో మెట్టు ఎట్లా ఉంటుందో కుతూహలం ఉంటే అణుచుకోండి, సూదులతో కుట్టినట్టు ఉంటుంది, తెలుసుకుని చేసేదేమీ లేదు.

ఇప్పుడు కండ బిగుసుకోవడం ఆగేదాకా వెనక్కి రండి. గట్టిగా, హాయిగా, కదలిక లేకుండా. మీరు ఉండాల్సిన చోటు అదే. మరీ కిందికి దిగి తెలిసీ తెలియనట్టు పెట్టుకునేవాళ్లకు లాభం తక్కువ, ఎందుకంటే లేచిన స్పర్శ తీగలు చాలవు. భయపడేవాళ్లు చేసే తప్పు అది, ఎక్కువ పెట్టమనేవాళ్ల తప్పుకు ఇది తోబుట్టువు.

జుమ్మనక ముందే కండ ఎగిరిందంటే ప్యాడ్ చాలక నరం కండలోకి దిగే చోట పడిందని అర్థం. ఆపి, సున్నాకు తెచ్చి, రెండు వేళ్లు పక్కకు జరపండి. ఆన్‌లో ఉండగా ప్యాడ్ పీకకండి.

పది నిమిషాలకు తగ్గిపోయిందనిపిస్తే

"సారూ, మిషన్ ఆగినట్టున్నది" అంటారు. ఆగలేదు. చేతికి ఉంగరం పెట్టుకున్న కాసేపటికి దాని ఊసే మరిచిపోతాం కదా, ఒకేలా వచ్చే కబురును మెదడు పట్టించుకోవడం మానేస్తుంది. ఉంగరం విషయంలో చర్మంలోని గ్రాహకాలే మెత్తబడతాయి. ఇక్కడ గ్రాహకాలకు పని లేదు కాబట్టి అలవాటు పడేది ఎక్కువగా పైనే. ఒకటి రెండు మెట్లు పెంచి మళ్లీ అదే గట్టిదనానికి రండి. మిషన్‌లో మాడ్యులేషన్ అనే మోడ్ ఉంటే అది పల్స్‌లను తనే మారుస్తూ ఈ అలవాటును కొంత తప్పిస్తుంది. పెంచే ప్రతిసారీ కండ బిగుసుకుంటుందేమో చూసుకోవాలి.

20 నుంచి 30 నిమిషాలు చాలు. రోజుకు రెండు మూడుసార్లు పెట్టుకోవచ్చు. వారాల తరబడి రోజూ ఒకే సెట్టింగ్‌తో పెట్టుకుంటే గుణం తగ్గుతుంది. తీసిన తర్వాత చర్మం కొంచెం ఎర్రబడి ఉంటుంది, అరగంటలో పోవాలి. పోకపోతే, బొబ్బ వస్తే ఆ ప్యాడ్లు ఆపేయండి. చాలాసార్లు అది ప్యాడ్ జిగురు ఒంటికి పడకపోవడం.

అలవాటైనవాళ్లకు రెండో పద్ధతి ఉంది. ఫ్రీక్వెన్సీ 2 నుంచి 4 హెర్ట్జ్, పల్స్ 150 నుంచి 250 మైక్రోసెకన్లు, ఈసారి రెండో మెట్టు కావాలనే ఎక్కి కండరం టిక్ టిక్ మని కొట్టుకునేలా. జుమ్మనడం ఉండదు, ఒక్కో దెబ్బ లెక్కపెట్టొచ్చు. ఇది శరీరం తనకు తాను తయారు చేసుకునే ఎండార్ఫిన్ లాంటి మందులను విడుదల చేయిస్తుంది, గుణం మొదలు కావడానికి ఆలస్యం, తీసేశాక నిలిచేది కొంచెం ఎక్కువసేపు. కొత్తవాళ్లు దీన్ని ఒకసారి ఫిజియోథెరపిస్ట్ దగ్గర చేయించుకుని చూశాకే ఇంట్లో మొదలుపెట్టాలి.

ఎంత ఆశించాలి

మిషన్ అమ్మేవాళ్లు చెప్పేదానికంటే తక్కువ. 2022లో 381 ప్రయోగాలను కలిపి చూసిన ఒక పరిశీలన, టెన్స్ పెట్టుకున్నంతసేపు, తీసిన వెంటనే నొప్పి తగ్గుతుందని చెప్పింది. అదే సమయంలో నడుము నొప్పికి టెన్స్ ఇవ్వొద్దని బ్రిటన్‌లో ఏ చికిత్స ఇవ్వాలో సూచించే నైస్ సంస్థ 2016లోనే సూచించింది. ఈ రెండు మాటలకూ పొత్తు కుదురుతుంది: నొప్పి ఆ గంట తగ్గడం వేరు, నడుము బాగుపడడం వేరు. నేను టెన్స్‌ను వ్యాయామం చేయించడానికి వాడతాను. నొప్పి తగ్గిన ఆ గంటలో కదిలించగలిగితే పని జరిగినట్టు, ప్యాడ్లు తీసి మళ్లీ మంచమెక్కితే ఏమీ జరగనట్టు. నాట్లు వేసే మనిషికి పొద్దంతా వంగకుండా గంటకోసారి నిటారుగా నిలబడి వెనక్కి విరుచుకోమని చెప్పడమే ఎక్కువ పనిచేసిందని నా అనుభవం.

మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల పెద్దవాళ్లకు ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగినవాళ్లలో ఎముక పెరిగి, వెన్నెముక చుట్టూ పట్టీలు గట్టిపడి, వెన్నుపాము పోయే దారి ఇరుకవుతుంది. వాళ్ల నడుము బిగుతుకు టెన్స్ కొంచెం ఊరట ఇవ్వొచ్చు, పెరిగిన ఎముకను అది ఏమీ చేయలేదు. కాళ్లలో బలం తగ్గుతుంటే, నడిచేటప్పుడు కాళ్లు కర్రల్లా బిగుసుకుంటుంటే, చెప్పు జారిపోయినా తెలియకపోతుంటే, మూత్రం పట్టు తప్పితే మిషన్ పక్కన పెట్టి న్యూరాలజీ విభాగం ఉన్న ఆస్పత్రికి ఆ వారమే పోవాలి. కూర్చునే చోట, తొడల మధ్య మొద్దుబారి మూత్రం రాకపోతే ఆ రోజే.

ఒక చిన్న పుస్తకం పెట్టుకోండి. తేదీ, ఎక్కడ పెట్టారు, మొదటి మెట్టు అంకె, కండ ఎగిరిన అంకె, ముందు నొప్పి పదికి ఎంత, తర్వాత ఎంత. ఒకే మిషన్, ఒకే ప్యాడ్లు, ఒకే చోటు అయినప్పుడు మాత్రం అంకెలకు అర్థముంటుంది. మొదటి మెట్టు రోజురోజుకీ పైకి పోతుంటే ముందు ప్యాడ్ జిగురు చూడండి, పాతబడిన ప్యాడ్‌తో అట్లాగే అవుతుంది. ఒక చుక్క నీళ్లు వేలితో రాసి చూడండి, అయినా అంటకపోతే మార్చండి. కొత్త ప్యాడ్లతో కూడా ఎక్కువే ఉంటే మళ్లీ దూది, చీపురు పుల్ల తీయండి.

పెద్దమ్మ పాదం మానడానికి రెండు నెలలు పట్టింది. ఇప్పుడు మెత్తని ఎంసీఆర్ రబ్బరు చెప్పులు లేనిదే వాకిట్లోకి కూడా రాదు, రాత్రి పడుకునే ముందు మనవరాలు టార్చి వేసి అరికాళ్లు చూస్తుంది. మిషన్ నడుముకు మాత్రమే పెట్టుకుంటుంది, అక్కడ దూది తగిలితే ఆమెకు తెలుస్తుంది.